పాత పికప్ బండి డాష్‌బోర్డు మీటర్లకు కొత్త వైరింగు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది జయపురం. జిల్లా కోరాపుట్, రాష్ట్రం ఒడిశా అయినా మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. జీపు చాసిస్ మీద చెక్క తొట్టి కట్టించిన పికప్ బండిని మా నాన్నగారు చాలా ఏళ్లు నడిపారు. సంతల్లో కొన్న చింతపండు, అల్లం ఎక్కించుకుని పొట్టంగి, సుంకి మీదుగా ఘాటు దిగి సాలూరులో దింపి వచ్చేవారు. ఆ బండి ఇప్పుడు నా చేతిలో ఉంది. డాష్‌బోర్డు వెనక తీగలన్నీ పీకి కొత్తవి వేసుకున్నాను. ఆ తరువాత రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పాత బండ్లున్నవారు కొందరు పిలిస్తే వెళ్లి సాయం చేశాను. వారు అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాశాను. మరోలా చెప్పనంతవరకు జవాబులన్నీ 12 వోల్టుల బ్యాటరీ, నెగెటివ్ ఎర్తు (అంటే బ్యాటరీ నెగెటివ్‌ను బండి లోహపు ఒంటికి కలిపిన పద్ధతి) ఉన్న పెట్రోలు బండికి వర్తిస్తాయి.

మీటర్లలో ఒక్కటీ సరిగా చూపించడం లేదు. కొత్త మీటర్లు కొనాలా?

ఇప్పుడే కొనకండి. "మీటరు పోయింది, మార్చేయండి" అని మిస్త్రీ చెప్పగానే పాతదాన్ని విప్పి పారేసినవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ కాలపు మీటరు మళ్లీ దొరకదు. దాని స్థానంలో పెట్టిన కొత్త మీటరు కూడా అదే తప్పు చూపిస్తుంది, ఎందుకంటే జబ్బు చాలాసార్లు మీటరులో ఉండదు, దానికి కరెంటు వచ్చి వెళ్లే దారిలో ఉంటుంది.

పెట్రోలు మీటరునే తీసుకోండి. ఇగ్నిషన్ స్విచ్ నుంచి కరెంటు మీటరుకు వస్తుంది. మీటరు నుంచి సన్నని తీగ మీదుగా ట్యాంకులో ఉన్న, పెట్రోలు మీద తేలే ఫ్లోటు యూనిట్‌కు వెళుతుంది. అక్కడ ఫ్లోటు ఎత్తును బట్టి నిరోధం మారుతుంది. ఆ నిరోధం దాటిన కరెంటు ట్యాంకు రేకులోకి, చాసిస్‌లోకి, చివరకు బ్యాటరీ నెగెటివ్‌కు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ చిలుము పట్టినా, ఎక్కడ మర వదులైనా ముల్లు తప్పు చూపిస్తుంది. మీటరుది తప్పు అనడానికి ముందు ఈ దారంతా ఒకసారి నడిచి రావాలి.

అయితే మొదట ఎక్కడ చూడాలి?

ఎర్తు. ఈ పేజీలో ఒక్క జవాబు మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

బండి బయటికి వచ్చిన రోజున బాడీ రేకు, చాసిస్, ఇంజిను అన్నీ ఒకే ఎర్తుగా కలిసి ఉంటాయి. యాభై ఏళ్లలో ఏం జరుగుతుంది? రెండుమూడు సార్లు పెయింటు వేస్తారు. డాష్‌బోర్డు రేకును బాడీకి బిగించే మరల కింద ఆ పెయింటు చేరుతుంది. బాడీ కింద రబ్బరు దిమ్మలు కొత్తవి వేస్తారు. పెట్రోలు ట్యాంకు పట్టీల కింద గుడ్డో రబ్బరో పెడతారు. చెక్క తొట్టి ఎలాగూ కరెంటును మోయదు. మా కోరాపుట్ పీఠభూమిలో వాన మొదలైతే నెలల తరబడి తడి ఆరదు, రాగి మీద పచ్చని చిలుము పేరుకుపోతుంది. చివరికి డాష్‌బోర్డు ఒక ద్వీపంగా, ట్యాంకు మరో ద్వీపంగా మిగిలిపోతాయి.

పరీక్ష తేలిక. మల్టీమీటరును తక్కువ వోల్టుల డీసీ మీద పెట్టండి. ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ స్తంభానికి, రెండో కొనను మీటరు వెనక ఉన్న లోహపు ఒంటికి ఆనించి, హెడ్‌లైట్లు వేయండి. 0.1 వోల్టు, మహా అయితే 0.2 వోల్టు రావాలి. అంతకన్నా ఎక్కువ వస్తే మీ ఎర్తు బలహీనంగా ఉందన్నమాట. ఇదే పరీక్షను ఇంజిను బ్లాకు మీద, ట్యాంకు ఫ్లోటు యూనిట్ మర మీద కూడా చేయండి.

నేను చేసే పని ఇది. చాసిస్ మీద ఒకచోట పెయింటు గీకి, తళతళలాడే లోహం కనిపించేదాకా రుద్ది, ఒక బోల్టు బిగిస్తాను. డాష్‌బోర్డు వెనక నుంచి ఒక నల్ల తీగ, ట్యాంకు యూనిట్ మర నుంచి ఇంకొక నల్ల తీగ తెచ్చి ఆ బోల్టుకే కలుపుతాను. పైన కాస్త గ్రీజు పూస్తే తడి పట్టదు. ఇంజిను నుంచి చాసిస్‌కు ఉండే అల్లిన రాగి పట్టీని తప్పకుండా చూడండి. ఇంజిను దించి ఎక్కించినప్పుడు దాన్ని మళ్లీ బిగించడం మరచిపోతుంటారు. అది లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు లాగే పెద్ద కరెంటు చోక్ కేబులు, యాక్సిలరేటరు కేబులు, స్పీడోమీటరు కేబులు మీదుగా దారి వెతుక్కుంటుంది. గుణుపురంలో ఒక బండికి చోక్ కేబులు పదేపదే కాలిపోతుంటే కొత్తది మారుస్తూ వచ్చారు. ఆ బండికి కావలసింది జానెడు రాగి పట్టీ.

ముల్లు ఉన్న తీరును బట్టి జబ్బు ఎక్కడుందో చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. అన్ని మీటర్లూ ఒకేసారి చచ్చిపోతే మీటర్లకు వచ్చే కరెంటు ఆగింది. ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ చూడండి. పెట్రోలు మీటరు, వేడి మీటరు (ఇంజిను ఎంత వేడెక్కిందో చూపేది) రెండూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే, వాటికి వోల్టేజిని నిలకడగా అందించే స్టెబిలైజరును అనుమానించండి. హెడ్‌లైటు వేయగానే ముళ్లు కదిలితే ఎర్తు. గతుకు దాటినప్పుడల్లా ఒక్క పెట్రోలు ముల్లు మాత్రమే పడి లేస్తుంటే ఆ తీగ కొన వదులైంది, లేదా ఫ్లోటు యూనిట్ లోపలి చుట్ట అరిగింది.

వేడి మీటరు విషయంలో ఒక సంగతి మనసులో నాటుకోవాలి. తీగ తెగిపోతే ముల్లు చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. అదే తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే బాగా వేడిగా ఉన్నట్టు చూపిస్తుంది. రెండోది మనల్ని కంగారు పెడుతుందే గాని ఇంజినుకు నష్టం చేయదు. మొదటిది అలా కాదు, దాని గురించి కింద చెబుతాను.

స్టెబిలైజరు అంటే ఏమిటి? మా బండిలో అది ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పాత మీటర్లలో చాలావాటిలో ముల్లును కదిలించేది రెండు లోహాలు అతికించిన పట్టీ. దాని చుట్టూ సన్నని తీగ చుట్టి ఉంటుంది. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, ముల్లు జరుగుతుంది. ఇగ్నిషన్ వేసిన తరువాత ముల్లు బద్ధకంగా, కొన్ని సెకన్లు తీసుకుని పైకి పాకితే అది ఈ రకం. వేయగానే చటుక్కున లేస్తే అయస్కాంతపు చుట్టలతో నడిచే రకం, దానికి స్టెబిలైజరు అక్కరలేదు.

వేడితో నడిచే మీటరుకు వోల్టేజి నిలకడగా ఉండాలి. బ్యాటరీ వోల్టేజి ఇంజిను ఆగి ఉన్నప్పుడు 12 చిల్లర, పరుగులో 14 దాకా ఉంటుంది. నేరుగా ఇస్తే ఇంజిను వేగం పెరిగినప్పుడల్లా ట్యాంకులో పెట్రోలు పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే మధ్యలో స్టెబిలైజరు పెట్టారు. అదీ రెండు లోహాల పట్టీయే. వేడెక్కి తెగుతుంది, చల్లారి కలుస్తుంది, ఇలా కొట్టుకుంటూ సగటున ఒకే వోల్టేజిని అందిస్తుంది. బ్రిటిష్ పద్ధతి స్మిత్స్ కంపెనీ మీటర్లకు ఆ సగటు 10 వోల్టులు. విల్లీస్ (జీపులు చేసిన అమెరికా కంపెనీ) వంశపు జీపు మీటర్లకు 5 వోల్టులు. ఈ తేడా తెలియక ఒకదాని స్టెబిలైజరు ఇంకొకదానికి పెట్టేవారున్నారు.

విల్లీస్ పద్ధతిలో స్పీడోమీటరు ముఖంలోనే పెట్రోలు, వేడి మీటర్లు ఇమిడి ఉంటే, స్టెబిలైజరు విడిగా కనబడదు. పెట్రోలు మీటరు లోపలే ఉంటుంది. వెనక మూడు కొనలు చూడండి. ఐ అని ఉన్నదానికి ఇగ్నిషన్ కరెంటు వస్తుంది. ఎస్ అని ఉన్నది ట్యాంకుకు వెళుతుంది. 'ఏ' (A) అని ఉన్నదాని నుంచి వేడి మీటరు 'ఏ' (A) కొనకు చిన్న పట్టీయో తీగో వెళుతుంది. అంటే వేడి మీటరు తినే తిండి పెట్రోలు మీటరు లోపలి నుంచే వస్తుంది. వేడి మీటరు పనిచేయకపోతే పెట్రోలు మీటరును ఎందుకు విప్పాలో ఇప్పుడు అర్థమవుతుంది.

స్టెబిలైజరుకు కూడా తన ఎర్తు కావాలి. అది తగలకపోతే లోపలి పట్టీ వేడెక్కదు, తెగదు, పూర్తి 12 వోల్టులు మీటర్లకు వెళ్లిపోతాయి. రెండు ముళ్లూ కలిసి ఎక్కువ చూపించడానికి మొదటి కారణం ఇదే. విడి స్టెబిలైజరును కొత్తచోట బిగిస్తే, పాతచోట ఏ వైపు పైకి ఉందో అలాగే పెట్టండి. తలకిందులైతే వేడి ప్రవాహం మారి లెక్క తప్పుతుంది.

నిజంగా పోయిందని తేలితే, ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో దొరికే మూడు కాళ్ల రెగ్యులేటరు చాలు. 5 వోల్టుల మీటర్లకు 7805, 10 వోల్టుల మీటర్లకు 7810. వేడెక్కుతుంది కాబట్టి దాని వీపును లోహపు రేకుకు బిగించాలి. ఆ వీపు ఎర్తు అయి ఉంటుంది, అందువల్ల నెగెటివ్ ఎర్తు బండిలో ఇబ్బంది లేదు. విల్లీస్ రకం మీటరుకైతే ఐ కొనను ఖాళీగా వదిలి, 5 వోల్టులను 'ఏ' (A) కొనకు ఇవ్వాలి.

ఆంప్ మీటరు వేడెక్కుతోంది. ప్రమాదమా?

అవును, ప్రమాదమే. దీన్ని రేపటికి వాయిదా వేయకండి.

మిగతా మీటర్లలో పారేది చిటికెడు కరెంటు. బ్యాటరీలోకి కరెంటు వస్తోందో, పోతోందో చూపే ఆంప్ మీటరు అలాంటిది కాదు. పాత వైరింగులో సెల్ఫ్ మోటారు తప్ప బండి వాడుకునే కరెంటు దాదాపు అంతా దాని గుండానే పోతుంది. సెల్ఫ్ స్విచ్ దగ్గర బ్యాటరీ తీగ నుంచి చీలిన లావు తీగ ఆంప్ మీటరుకు వస్తుంది. రెండో కొన నుంచి ఇగ్నిషన్, లైట్లు, డైనమో కటౌట్ (డైనమోను బ్యాటరీకి కలిపి విడదీసే స్విచ్) విడిపోతాయి. ఈ లావు తీగకు చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు. దాని నట్టు వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది, తీగ తొడుగు కరుగుతుంది. కరిగిన తీగ డాష్‌బోర్డు రేకుకు తగిలిందంటే బ్యాటరీ శక్తంతా అక్కడే ఖర్చవుతుంది. డాష్‌బోర్డుల వెనక మంటలు లేవడానికి ఇది పెద్ద కారణం.

పాత డైనమో తీసి ఆల్టర్నేటరు వేయించుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మీటరు ముఖం మీద 30 అని ఉంటే అది 30 ఆంపియర్ల కోసం చేసింది. కొత్త ఆల్టర్నేటరు, బ్యాటరీ దిగిపోయిన రోజున, అంతకు మించి పంపగలదు. అలాంటప్పుడు ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీకి నేరుగా, సరైన ఫ్యూజుతో, లావు తీగ వేయడం మంచిది. అలా చేస్తే ఆంప్ మీటరు పూర్తి లెక్క చూపదు. దాని పక్కన చిన్న వోల్టు మీటరు పెట్టుకోండి. ఇంజిను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 దగ్గర, పరుగులో 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగు బాగున్నట్టు. నేను మా బండిలో పాత ఆంప్ మీటరును దాని చోటనే ఉంచాను. నాన్నగారు ఘాటు మొదట్లో ఆగి మొదట చూసే ముల్లు అదే.

తీగలు బిగించాక ఇంజిను ఆపి, లైట్లు వేసి చూడండి. ముల్లు డిశ్ఛార్జి వైపు పోవాలి. ఛార్జి వైపు పోతే రెండు తీగలూ తారుమారయ్యాయి, మార్చి బిగిస్తే సరిపోతుంది. బిగించే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయడం మరచిపోకూడదు. ఆంప్ మీటరు కొనల్లో ఇగ్నిషన్ ఆపినా కరెంటు ఉంటుంది.

పెట్రోలు మీటరు నిండు ట్యాంకుకు ఖాళీ అని, ఖాళీకి నిండు అని చూపిస్తోంది. ఎందుకు?

మీ మీటరుది ఒక భాష, ఫ్లోటు యూనిట్‌ది ఇంకొక భాష. అన్ని బండ్లకూ సరిపోతుందని చెప్పి అమ్మే ఫ్లోటు యూనిట్ కొని వేసినప్పుడు ఇలా అవుతుంది. విల్లీస్ వంశపు జీపుల్లో చాలావాటికి ఖాళీ ట్యాంకులో సుమారు 73 ఓమ్‌లు, నిండు ట్యాంకులో సుమారు 10. కొన్ని అమెరికన్ మీటర్లకు ఖాళీకి 240, నిండుకు 33. వీడీవో అనే జర్మన్ కంపెనీ పద్ధతిలో అయితే తిరగబడి, ఖాళీకి 10, నిండుకు 180. మొదటి రెండింటిలో తీగ తెగితే ముల్లు ఖాళీ చూపిస్తుంది. మూడోదానిలో తెగితే నిండు చూపిస్తుంది, దారిలో బండి ఆగిపోయేదాకా తెలియదు.

కొనే ముందు మీ పాత యూనిట్‌ను బయటికి తీసి, చేతితో ఫ్లోటు కిందికీ పైకీ ఆడిస్తూ మల్టీమీటరుతో ఓమ్‌లు కొలిచి కాగితం మీద రాసుకోండి. అంకె మెల్లగా, ఎక్కడా ఎగరకుండా మారాలి. మధ్యలో ఒకచోట అనంతమని చూపిస్తే అక్కడ చుట్ట అరిగింది. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. లోపల పెట్రోలు చప్పుడైతే దానికి చిల్లు పడింది, అది ఇక తేలదు.

మీటరును పరీక్షించడానికి ట్యాంకు తీగను పట్టుకుని బాడీకి గీకేవారు ఉన్నారు. ఆ పని చేయవద్దు. వేడితో నడిచే మీటరులోని సన్నని తీగ పూర్తి కరెంటుకు కాలిపోవచ్చు. పైగా ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుట్టించడం ఎంత తెగింపో వేరే చెప్పాలా? 10 ఓమ్‌లది ఒకటి, 68 ఓమ్‌లది ఒకటి, 5 వాట్ల రెసిస్టర్లు కొనండి. డాష్‌బోర్డు దగ్గరే ఎస్ కొన నుంచి ట్యాంకు తీగను విప్పి, ఆ కొనకూ ఎర్తుకూ మధ్య వాటిని ఒక్కొక్కటిగా కలపండి. 73, 10 పద్ధతి మీటరైతే ఒకదానికి నిండుకు దగ్గరగా, ఇంకొకదానికి ఖాళీకి దగ్గరగా ముల్లు నిలవాలి. నిలిస్తే మీటరు ఆరోగ్యంగా ఉంది. ఫ్లోటు యూనిట్ తెరిచినప్పుడు బ్యాటరీ విప్పే ఉండాలి, బండి ఆరుబయట ఉండాలి, ట్యాంకు పక్కన సోల్డరింగ్ ఐరన్ వెలిగించకూడదు.

వేడి మీటరుకు అంత ప్రాధాన్యం ఎందుకు?

సుంకి ఘాటు ఎక్కిన ఎవరినైనా అడగండి. సాలూరు నుంచి బరువుతో బయలుదేరితే పొట్టంగి చేరేదాకా రెండో గేరు, మూడో గేరు తప్ప వేరే ఉండదు. ఇంజిను ఎంత వేడెక్కిందో చెప్పే సాక్షి ఆ ముల్లు ఒక్కటే.

బండి నా చేతికి వచ్చిన మొదటి వేసవిలో ముల్లు ఎప్పుడూ చల్లగా ఉన్న వైపే పడుకుని ఉండేది. రేడియేటరు బాగుంది కదా అని సంతోషించాను. ఘాటు మధ్యలో బోనెట్ కింద నుంచి ఆవిరి లేచినప్పుడు కూడా ముల్లు అక్కడే ఉంది. ఇంజిను మీద ఉన్న సెన్సరు నుంచి వచ్చే తీగ, ఎగ్జాస్టు గొట్టం వేడికి పెళుసెక్కి, తొడుగు లోపలే తెగిపోయి ఉంది. బయటికి చూస్తే నిండుగా కనబడేది. హెడ్ గాస్కెట్ మార్చవలసి వచ్చింది. అందువల్ల ఇప్పుడు ఎవరి బండి పని చేసినా మొదట ఆ తీగనే మారుస్తాను, ఎగ్జాస్టుకు దూరంగా తిప్పి, పైన వేడిని తట్టుకునే తొడుగు వేస్తాను.

సెన్సరు తన ఎర్తును ఇంజిను మరల ద్వారానే పొందుతుంది. లీకు కాకూడదని దాని మరల చుట్టూ తెల్ల టేపు దట్టంగా చుడితే ఆ ఎర్తు తెగిపోతుంది, ముల్లు మళ్లీ చల్లగా పడుకుంటుంది.

కొన్ని బండ్లలో వేడి మీటరుకు అసలు తీగే ఉండదు. ఇంజిను నుంచి సన్నని రాగి గొట్టం నేరుగా మీటరు వీపులోకి వస్తుంది. దాని చివరి బుడిపెలో త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. ఆ గొట్టాన్ని తీగ అనుకుని కత్తిరించకండి, మడతపడేలా వంచకండి. ఒక్కసారి తెగితే ఇంట్లో బాగుచేయడం సాధ్యం కాదు.

ఆయిల్ మీటరుకు వైరింగు ఎలా?

మీ బండిలో గొట్టం వస్తోందా, తీగ వస్తోందా చూడండి. గొట్టం వస్తుంటే ఇంజిను ఆయిలే తన ఒత్తిడితో మీటరు దాకా వచ్చి, వంపు తిరిగిన గొట్టాన్ని నిటారుగా చేయబోతూ ముల్లును తిప్పుతోంది. దానికి కావలసిన వైరింగు వెలుతురు బల్బుకు మాత్రమే. అదురుకు రాగి గొట్టం పెళుసెక్కి విరగకుండా, ఇంజిను దగ్గర దాన్ని ఒక చుట్టు తిప్పి వదలాలి. విరిగితే మరిగే ఆయిలు నడిపేవారి కాళ్ల మీద పడుతుంది. తీగ రకమైతే పైన చెప్పిన ఎర్తు, టేపు జాగ్రత్తలే.

ఏ తీగ కొనాలి? ఇంటి వైరింగు తీగ సరిపోతుందా?

లోపల ఒంటి కమ్మీ ఉన్న ఇంటి తీగ వద్దు. బండి అదురుకు అది విరుగుతుంది. సన్నని పోగులు చాలా ఉన్న ఆటో తీగ కావాలి. దుకాణంలో 14/0.30 అని అడిగితే 0.30 మిల్లీమీటర్ల పోగులు పద్నాలుగు ఉన్నదని అర్థం. అది సుమారు 1 చదరపు మిల్లీమీటరు. మీటర్లకు, వాటి బల్బులకు ఇది ధారాళంగా సరిపోతుంది. హెడ్‌లైటుకు 28/0.30 వాడండి. ఆంప్ మీటరు దారికి 84/0.30, అంటే దాదాపు 6 చదరపు మిల్లీమీటర్లది. మీటర్లకు వచ్చే కరెంటు దారిలో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. చాలా పాత బండ్లలో అది లేదు. అసలు రూపం చెడుతుందని వెనకాడవద్దు, డాష్‌బోర్డు వెనక అది ఎవరికీ కనబడదు.

తీగల రంగులు ఎలా గుర్తుపట్టాలి?

లూకాస్ (బ్రిటిష్ విద్యుత్ పరికరాల కంపెనీ) పద్ధతిలో తయారైన బండి అయితే రంగులకు ఒక నియమం ఉంది. గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు ఉండేది. తెలుపు ఇగ్నిషన్ వేస్తే వచ్చేది. ఆకుపచ్చ, అదే కరెంటు ఫ్యూజు దాటాక. ఆకుపచ్చ మీద నలుపు గీత ఉంటే ట్యాంకుకు వెళ్లేది, నీలం గీత ఉంటే వేడి సెన్సరుకు వెళ్లేది. ఎరుపు మీద తెలుపు గీత డాష్‌బోర్డు వెలుతురు. తెలుపు మీద గోధుమ గీత ఆయిల్ హెచ్చరిక దీపం. నలుపు ఎర్తు.

కాని మా వైపు బండ్లలో ఈ నియమం నిలిచి ఉన్నది నేను చూడలేదు. నలభై ఏళ్లలో పదిమంది చేతులు పడ్డాయి, ఎవరికి ఏ రంగు దొరికితే అది వేశారు. అందుకే రంగును నమ్మకుండా ప్రతి తీగనూ మల్టీమీటరుతో రెండు కొనలా తాకి నిర్ధారించుకోండి.

ఇక్కడ సరిహద్దు జిల్లాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. ఒడియాలో నాలి అంటే ఎరుపు. నలుపును కళా అంటారు. నేను ఒకసారి బండి కింద పడుకుని, పైన ఉన్న ఒడియా కుర్రవాడితో "నల్ల తీగ బాడీకి కలుపు బాబూ" అన్నాను. అతనికి నాలి అని వినిపించింది. ఎర్ర తీగను, అంటే బ్యాటరీ కరెంటు ఉన్నదాన్ని, బాడీకి ఆనించాడు. ఫ్యూజు ఉంది కాబట్టి చిన్న మెరుపుతో పోయింది. అప్పటి నుంచి రంగు పేరుతో చెప్పడం మానేశాను. ప్రతి తీగకూ రెండు కొనల్లోనూ అంకె ఉన్న చీటీ కడతాను. "ఏడో నంబరు" అంటే ఏ భాషలోనైనా చూపి చెప్పవచ్చు. పటం మీద మాత్రం తెలుగులోనూ ఒడియాలోనూ రాసి పెట్టాను. రేపు ఆ బండిని ఎవరు విప్పుతారో మనకు తెలియదు కదా.

పాత తీగల కట్టను ఎలా తీయాలి, కొత్తది ఎలా కట్టాలి?

కత్తిరించి తీయవద్దు. విప్పే ముందు ఫోనుతో అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, చీటీలు కట్టి, కట్టను మొత్తంగా బయటికి లాగండి. గుడ్డ తొడుగు ఉన్న పాత తీగలు ముట్టుకుంటేనే పొడిగా రాలుతాయి, ఎలుకలు కొరికిన చోట్లు ఉంటాయి, ఓపికగా తీయాలి. దాన్ని ఒక చెక్క పలక మీద పరచి, వంపు ఉన్న ప్రతిచోటా మేకు కొట్టండి. ఆ మేకుల వెంట కొత్త తీగలు పరిస్తే పొడవు, వంపు, చీలిక అన్నీ అచ్చంగా వస్తాయి. ప్రతి కొనకూ నాలుగు వేళ్ల పొడవు అదనంగా వదలండి. మీటరు విప్పి బయటికి లాగి చూడవలసినప్పుడు ఆ పొడవు విలువ తెలుస్తుంది.

కొనలకు టంకం పెట్టాలా, లగ్గు (తీగ కొనకు తొడిగే లోహపు ముక్క) నొక్కాలా అన్న వాదన సాలూరు షెడ్లలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. లారీల ఊరు కదా, అక్కడి మిస్త్రీల మాటకు బరువుంటుంది. నా అభిప్రాయం మాత్రం లగ్గు నొక్కడమే. టంకం పోగుల్లోకి పాకి తీగను కమ్మీలా బిగుసుకుపోయేలా చేస్తుంది. ఆ బిగుసు ముగిసే చోట అదురుకు తెగుతుంది. అయితే కటింగ్ ప్లయర్‌తో నొక్కితే లగ్గు పట్టు ఉండదు, దానికోసం ఉన్న పనిముట్టుతోనే నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఊడిందంటే ఇప్పుడే ఊడడం మేలు. రేకులో రంధ్రం గుండా తీగ పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు కట్టు) ఉండాలి.

డాష్‌బోర్డు బల్బులకు బదులు ఎల్‌ఈడీలు వేయవచ్చా?

వెలుతురు బల్బులకు వేయవచ్చు. వెలుగు తగ్గించే పాత తిప్పుడు స్విచ్ మాత్రం వాటితో సరిగా పనిచేయదు. ఆల్టర్నేటరు ఉన్న బండిలో ఎర్రగా వెలిగే ఛార్జింగు దీపాన్ని మాత్రం మార్చవద్దు. చాలా ఆల్టర్నేటర్లకు మొదటి మేలుకొలుపు కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది.

మా బండి పాజిటివ్ ఎర్తు అంటున్నారు. మార్చాలా?

మార్చాలన్న నిర్బంధం లేదు, దానంతట అది చక్కగా నడుస్తుంది. మారిస్తే ఆంప్ మీటరు తీగలు, ఇగ్నిషన్ కాయిల్ తీగలు తారుమారు చేయాలి, డైనమోకు కొత్త ధ్రువత్వం ఇప్పించాలి. వేడితో నడిచే మీటర్లకు తేడా ఉండదు. పైన చెప్పిన 7805 లాంటివి పాజిటివ్ ఎర్తులో అదే పద్ధతిలో కలపకూడదు. 6 వోల్టుల బండిని 12కు మార్చినప్పుడు మీటర్లకు 12 నేరుగా ఇస్తే కాలిపోతాయి, వోల్టేజి తగ్గించి ఇవ్వాలి.

స్పీడోమీటరుకు తీగ ఏది?

లేదు. గేరుబాక్సు నుంచి తిరిగే కేబులు దాన్ని నడుపుతుంది. ముల్లు వణుకుతుంటే కేబులు విప్పి శుభ్రం చేసి, కింది భాగానికి మాత్రమే పలచగా గ్రీజు పూయండి. పై కొన దాకా పూస్తే అది మీటరులోకి పాకుతుంది.

వైరింగు మారిస్తే వింటేజి రిజిస్ట్రేషన్‌కు అడ్డమా?

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజినులలో పెద్ద మార్పులు జరగని వాహనాలు వింటేజి కిందికి వస్తాయి. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. తీగలు మార్చడం ఆ పెద్ద మార్పుల జాబితాలోది కాదు. అయితే నాలుగు చక్రాల వాటిలో ఈ నిబంధన సొంత వాడకపు ప్రయాణికుల వాహనాల వర్గానికే చెప్పారు. మీ పికప్ పత్రంలో సరకు రవాణా వాహనమని ఉంటే, ఖర్చు పెట్టకముందే మీ జిల్లా రవాణా కార్యాలయంలో అడగండి.

పని పూర్తయింది. మొదటిసారి కరెంటు ఎలా ఇవ్వాలి?

బ్యాటరీ కేబులును ఒకేసారి బిగించవద్దు. అన్ని స్విచ్‌లూ ఆపి ఉంచి, బ్యాటరీ నెగెటివ్ స్తంభానికీ కేబులుకూ మధ్య ఒక హెడ్‌లైటు బల్బు కలపండి. బల్బు వెలగకపోతే మంచిది. నిండుగా వెలిగితే ఎక్కడో కరెంటు నేరుగా బాడీకి తగులుతోంది. ఆ బల్బు కరెంటును ఆపుతుంది కాబట్టి తీగలు కాలవు, తీరికగా వెతకవచ్చు. అది దాటాక కేబులు బిగించి, ఇగ్నిషన్ వేసి, సెన్సరు తీగను ఒక్క క్షణం విప్పి కలిపి, ముల్లు కదలికను చూడండి. తరువాత ఇంజిను నడిపి వోల్టులు చూడండి. తరువాత హెడ్‌లైట్లు వేసి ముళ్లు కదలకుండా ఉన్నాయా చూడండి.

మొదటి ప్రయాణం ఊళ్లోనే చేయండి, ఘాటుకు వెళ్లకండి. వంద కిలోమీటర్లు తిరిగాక బ్యాటరీ విప్పి, ఆంప్ మీటరు నట్లు రెండూ పానాతో మళ్లీ పట్టి చూడండి. కొత్త లగ్గులు నలిగి కూర్చోవడం వల్ల పావు చుట్టు వదులు దొరుకుతుంది. మా బండిలో దొరికింది.